12 అంగుళాల సబ్‌వూఫర్: ఎన్ని లీటర్ల పెట్టె, పోర్ట్ ఎక్కడ ట్యూన్ చేయాలి?

సినిమాగది
నాలుగు నెలల కిందట సబ్ (లోతు బాస్ కోసం పెట్టే సబ్‌వూఫర్) కోసం 12 అంగుళాల డ్రైవర్, అంటే స్పీకర్ యూనిట్, కొని నేనే పెట్టె కట్టాను. దాంతో వచ్చిన కాగితంలో పెట్టె 45 లీటర్లు, ట్యూనింగ్ (పోర్ట్‌లోని గాలి బాగా పలికే స్వరం) 32 హెర్ట్జ్ అని ఉంటే అచ్చం అలాగే చేశాను. పోర్ట్, అంటే పెట్టెలోంచి గాలి పోయే గొట్టం, 7.5 సెం.మీ. వ్యాసం పైపు, పొడవు 23 సెం.మీ. మొదటి రోజు కిటికీ అద్దాలు అదిరితే సంబరపడ్డాను, ఇప్పుడు విసుగొస్తోంది. పేలుడైనా, కారు తలుపు వేసినా, డ్రమ్ కొట్టినా అదే ఒక్క "బూం". నిజంగా లోతుగా ఉండాల్సిన సీన్లలో, అంటే నేల కంపించేవి, పెద్ద ఓడ కదిలేవి, అక్కడ మాత్రం ఏమీ లేదు, పైపులోంచి గాలి బుస్సుమంటోంది అంతే.
డ్రైవర్ వివరాలు: ఎఫ్ఎస్ (డ్రైవర్ సహజంగా ఊగే స్వరం) 22 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె) 0.38, వీఏఎస్ (కోన్ బిగువుకి సమానమైన గాలి) 90 లీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒక వైపుకి కదలగలిగే దూరం) 14 మి.మీ. యాంప్ 500 వాట్లు. గది 5 మీటర్లు × 3.6 మీటర్లు, సబ్ మూలలో ఉంది, సోఫా వెనక గోడకి ఆనుకుని. కొత్త పెట్టె కడదామని ఉంది. ఎన్ని లీటర్లు తీసుకోవాలి? ట్యూనింగ్ 18, 20, 25లో ఏది?

గొట్టంశాస్త్రి
తప్పు డ్రైవర్‌ది కాదు, ఆ కాగితానిది. అలాంటి సలహాలు ఎక్కువగా కారు డిక్కీని మనసులో పెట్టుకుని రాస్తారు. కారు లోపల స్థలం చిన్నది కాబట్టి లోతు బాస్‌ని అదే పైకి లేపుతుంది, పెట్టె ఆ పని చేయక్కర్లేదు. ఇంట్లో అలా కుదరదు.
మీ అంకెలు వేసి చూశాను. 45 లీటర్లు, 32 ట్యూనింగ్‌తో 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు మూడున్నర డీబీ (డెసిబెల్) ఉబ్బు వస్తోంది, 20 దగ్గరికి వచ్చేసరికి 14 డీబీ కింద పడిపోతోంది. రెంటికీ మధ్య 17 డీబీ పైనే తేడా. అందుకే అన్నీ ఒకటే బూం లాగా వినిపిస్తున్నాయి, లోతు సీన్లు మాయమవుతున్నాయి.

మూసినపెట్టె
పోర్టే వద్దు అంటాను నేను. ఈ డ్రైవర్‌కి 37 లీటర్ల సీల్డ్ (పోర్ట్ లేకుండా మూసిన) బాక్స్ కడితే మొత్తం క్యూ (పెట్టెతో కలిపి ఆ ఊపు అంకె) 0.707 వస్తుంది, 41 హెర్ట్జ్ దగ్గర 3 డీబీ తగ్గుతుంది. అక్కణ్ణుంచి ఆక్టేవ్‌కి, అంటే స్వరం సగానికి దిగిన ప్రతిసారీ, 12 డీబీ చొప్పున నెమ్మదిగా దిగుతుంది. పోర్టెడ్ అయితే ట్యూనింగ్ కింద 24 డీబీ చొప్పున ఒక్కసారిగా కూలిపోతుంది. మూసిన గదిలో రూమ్ గెయిన్ (గదే లోతు బాస్‌ని పైకి లేపడం) కలిస్తే సీల్డ్ చాలా లోతుకి వెళ్తుంది. చిన్న పెట్టె, బుస్సు లేదు, పైపు లెక్కల తలనొప్పి లేదు. నాది ఆరేళ్లుగా అలాగే ఉంది.

కొలతలపిచ్చి
@మూసినపెట్టె రూమ్ గెయిన్ నిజమే కానీ దాని మీద అంత భారం వేయకండి. 5 మీటర్ల గదిలో అది 34 హెర్ట్జ్ కిందే మొదలవుతుంది, తలుపులు కిటికీల సందుల్లోంచి ఒత్తిడి కారిపోతుంది కాబట్టి పుస్తకంలో ఉన్నంత రాదు.
ఇంకో లెక్క చూడండి. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 480 చ.సెం.మీ., 14 మి.మీ. కదలిక. అది తోయగలిగిన గాలితో 20 హెర్ట్జ్ దగ్గర సీల్డ్‌లో మీటరు దూరంలో గరిష్ఠంగా 97 డీబీ వస్తుంది, నేల మీద పెట్టి కొలిస్తే. ఎంత పెద్ద యాంప్ పెట్టినా అంతే, కోన్‌కి వెళ్లడానికి ఇంకా చోటు లేదు. సరిగ్గా కట్టిన పోర్టెడ్‌లో ఆ దగ్గర గాలిని తోసేది పోర్ట్, కోన్ దాదాపు నిలబడే ఉంటుంది, అందుకే 105 అడగొచ్చు. ఆ 8 డీబీ సీల్డ్‌లో కావాలంటే ఇలాంటివి మూడు డ్రైవర్లు పెట్టాలి.

మూసినపెట్టె
మూడు పెట్టగలిగితే అది ఇంకా బాగుంటుంది కదా :) సరే, ఒకే డ్రైవర్, సినిమాలే ముఖ్యం అంటే మీ లెక్క ఒప్పుకుంటాను. పాటలు ఎక్కువ వినేవాళ్లకి మాత్రం నా మాట నాదే.

రాత్రిసౌండు
ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఇవాళే చేయగల పని ఒకటుంది. పాత బట్ట గట్టిగా చుట్టి పోర్ట్‌లో బిగించండి. మీ 45 లీటర్లు సీల్డ్ అయిపోతుంది, క్యూ 0.66. సౌండు కొంచెం తగ్గించి పెట్టుకుని అదే సీన్ మళ్లీ వినండి. బూం పూర్తిగా పోతే పెట్టెది తప్పు, ఇంకా మిగిలితే గదిది. కొత్త చెక్క కోయకముందే ఇది తెలుసుకోవడం మంచిది.

చెక్కపని
+1. నేను ఇది చేయకుండానే రెండో పెట్టె కట్టి, మళ్లీ అదే బూం విని, రెండు రోజులు దాని ముందే కూర్చున్నాను.

సినిమాగది
@రాత్రిసౌండు చేశాను. బూం సగం తగ్గింది, బుస్సు పూర్తిగా పోయింది. కానీ ఒక స్వరం దగ్గర ఇంకా అలాగే పట్టుకుంటోంది. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి చూస్తే 34, 35 హెర్ట్జ్ దగ్గర సోఫాలో గట్టిగా ఉంది, లేచి గది మధ్యలో నిలబడితే దాదాపు లేదు. ఒకే టోన్, నాలుగడుగులు వేస్తే మాయం. చాలా వింతగా ఉంది.

కొలతలపిచ్చి
అది వింత కాదు, మీ గది పొడవు. 343ని రెండు రెట్ల పొడవుతో, అంటే 10తో భాగించండి, 34.3. గోడల దగ్గర ఆ స్వరం గరిష్ఠంగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో చచ్చిపోతుంది. మీరు సబ్‌ని మూలలో పెట్టారు, సోఫాని వెనక గోడకి ఆనించారు, అంటే రెండూ గరిష్ఠం ఉన్న చోటే. పైగా పెట్టెని ట్యూన్ చేసింది కూడా 32కి. ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.
సబ్‌ని పొడవాటి గోడకి సగంలో పెట్టి చూడండి, ఆ 34 లేవడానికి అక్కడ అవకాశమే తక్కువ. సోఫాని ఒక మీటరు ముందుకి లాగగలిగితే ఇంకా మేలు.

లోస్వరం
నేను ఇంకోలా చేస్తాను. సబ్‌ని సోఫా మీద, మనం కూర్చునే చోటే పెట్టి, బాస్ బాగా తిరిగే ట్రాక్ ఒకటి నడుపుతూ నేల మీద పాకుతూ గోడల వెంట తిరుగుతాను. చెవులు సబ్ ఉండాల్సిన ఎత్తులో ఉంచాలి. ఎక్కడైతే అన్ని స్వరాలూ సమానంగా వినిపిస్తాయో అక్కడ సబ్ పెట్టేయడమే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి, ఈక్వలైజర్ కన్నా ఇదే ఎక్కువ పని చేసింది మా గదిలో.

సినిమాగది
సబ్ చోటు మార్చాను. నిజంగానే తేడా ఉంది, ఆ పట్టేసే స్వరం చాలావరకు పోయింది. కానీ లోతు మాత్రం ఇంకా లేదు. ఇప్పుడు పెట్టె సంగతి చెప్పండి. ఒక సాఫ్ట్‌వేర్‌లో అంకెలు వేస్తే 74 లీటర్లు, 22 హెర్ట్జ్ అని దానంతట అదే ఇచ్చింది. అదే కట్టేయనా?

గొట్టంశాస్త్రి
అది పుస్తకాల లెక్క. క్యూటీఎస్, వీఏఎస్ పట్టుకుని గ్రాఫ్ చదునుగా ఉండేలా ఇచ్చే సమాధానం. తప్పు కాదు. కానీ సినిమా కోసం నేనైతే పెట్టె పెంచి ట్యూనింగ్ దించుతాను. 100 లీటర్లు, 20 హెర్ట్జ్. మీ డ్రైవర్‌కి 40 నుంచి 20 దాకా గ్రాఫ్ రెండు డీబీల లోపే కదులుతుంది. 18 అయితే అడుగున ఇంకొంచెం వాలుతుంది, మూసిన గదిలో ఆ వాలుని గది పూరిస్తుంది. 25 వద్దు. ఓడలు, భూకంపాలు ఉండే చోటు సరిగ్గా దాని కిందే.
కానీ లీటర్లతో మొదలుపెట్టకండి. నేను మొదట అడిగేది పోర్ట్ వ్యాసం ఎంత అని. చాలామంది లీటర్లు తేల్చుకుని, ట్యూనింగ్ తేల్చుకుని, చివర్లో చేతికి దొరికిన పైపు పెడతారు. బుస్సు అక్కణ్ణుంచే వస్తుంది.

వైర్లమూట
వ్యాసం ఎంతైనా పొడవు సరిచేసుకుంటే ట్యూనింగ్ అదే వస్తుంది కదా? ఏది పెడితే ఏంటి?

గొట్టంశాస్త్రి
ట్యూనింగ్ అదే వస్తుంది, గాలి వేగం అదే రాదు. 20 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో 105 డీబీ కావాలంటే పోర్ట్‌లోంచి ఎంత గాలి పోవాలో ఖాయం. ఆ గాలి 7.5 సెం.మీ. పైపులో సెకనుకి 47 మీటర్ల వేగంతో పోవాలి. 10 సెం.మీ. అయితే 27. 12.5 అయితే 17. 15 అయితే 12. సెకనుకి 17 మీటర్లు అంటే ధ్వని వేగంలో 5 శాతం, ఆ లోపు ఉంటే గాలి చప్పుడు మీద దిగులే అక్కర్లేదు.
ఇక పొడవు సెంటీమీటర్లలో: 23562 ని వ్యాసం వర్గంతో గుణించి, ట్యూనింగ్ వర్గం × లీటర్లతో భాగించి, దాంట్లోంచి 0.73 × వ్యాసం తీసేయండి. 100 లీటర్లు, 20 హెర్ట్జ్‌కి 10 సెం.మీ. పైపు 52 సెం.మీ. చాలు. 12.5 పైపు 83 సెం.మీ. కావాలి. 15 అయితే 121.

చెక్కపని
121 సెం.మీ. పైపు 60 సెం.మీ. పెట్టెలో! పెట్టె కన్నా పైపే పెద్దది.

రాత్రిసౌండు
17 మరీ జాగ్రత్త లెక్క అని నా అభిప్రాయం. రెండు చివర్లా మంచి ఫ్లేర్ (బూరలా విచ్చుకున్న నోరు) ఉంటే 25 దాకా నాకు ఏ సినిమాలోనూ చప్పుడు వినిపించలేదు. అంత గట్టి లోతు సీను వచ్చినప్పుడు మిగతా సౌండు కూడా గట్టిగానే ఉంటుంది, దాంట్లో కలిసిపోతుంది. 10 సెం.మీ. ఫ్లేర్ పైపు, 52 పొడవు, ఎల్బో (వంపు ముక్క) గొడవ లేకుండా నేరుగా పడుతుంది. నేనైతే అదే పెడతాను.

గొట్టంశాస్త్రి
ఫ్లేర్‌తో 25 కుదురుతుందని ఒప్పుకుంటాను. నా భయం చప్పుడు ఒక్కటే కాదు. వేగం పెరిగే కొద్దీ పోర్ట్ బిగుసుకుపోతుంది, యాంప్ ఇంకా ఇస్తున్నా సౌండు పెరగడం ఆగిపోతుంది. అప్పుడు పోర్ట్ ఆపాల్సిన కోన్‌ని ఆపలేదు. అందుకే 12.5 అంటాను.

కొలతలపిచ్చి
అలాగని పైపు పెంచుకుంటూ పోవడమూ మంచిది కాదు. పొడవాటి పైపు పిల్లనగ్రోవిలా దాని సొంత స్వరం పలుకుతుంది. 121 సెం.మీ. పైపు 130 హెర్ట్జ్ దగ్గర పాడుతుంది. 80 హెర్ట్జ్ క్రాసోవర్ (ఆ పై స్వరాలు సబ్‌కి వెళ్లకుండా తగ్గించే హద్దు) పెట్టినా అది దగ్గరే, వినపడే అవకాశం ఉంది. 83 అయితే 185 ప్రాంతం, బతికిపోతాం. అదీ కాక ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్ (సినిమాలో బాస్ కోసమే ఉండే ట్రాక్) 120 దాకా ఉంటుంది, రిసీవర్‌లో దాన్ని 80కి కోయకపోతే ఆ స్వరానికి ఇంకా దగ్గరికి వెళ్తారు.

లోస్వరం
స్లాట్ పోర్ట్ సంగతి ఎవరూ చెప్పలేదే? చెక్కతోనే చేసుకోవచ్చు, గోడే పోర్ట్‌లో భాగం అవుతుంది, ఏ కొలత కావాలంటే ఆ కొలత.

చెక్కపని
చేశాను, రెండు సార్లు. బాగుంటుంది, పెట్టె కూడా గట్టిపడుతుంది. రెండు సంగతులు చెప్పాలి. మరీ సన్నటి చీలికలాగా చేస్తే గాలికి రాపిడి ఎక్కువ. పోర్ట్ గోడ పెట్టె గోడ ఒకటే కాబట్టి గాలికి అది లెక్కలో ఉన్నదానికన్నా పొడవుగా అనిపిస్తుంది, నాకు 22 అనుకుంటే 20.5 వచ్చింది. అతికించాక కోయలేం. గుండ్రటి పైపు అయితే బయటికి తీసి ముక్క కోసుకోవచ్చు, మొదటిసారి పోర్ట్ సరిచేసుకునేవాళ్లకి అదే హాయి.

సినిమాగది
12.5 పైపు, 83 సెం.మీ., ఒక ఎల్బో. నిర్ణయం అయిపోయింది. ఇంకో సందేహం. 100 లీటర్లు అంటే లోపలి కొలతల లెక్కేనా? మా గదిలో అంత చోటు కష్టం, పెట్టె 70 చేసి లోపల దూది నింపితే 100 అనుకోవచ్చా? ఎక్కడో చదివాను.

గొట్టంశాస్త్రి
ఆ మాట సీల్డ్‌కి. అక్కడ నింపితే డ్రైవర్‌కి పెట్టె కొంచెం పెద్దదైనట్టు అనిపిస్తుంది. పోర్టెడ్‌లో నింపితే గాలి కదలికని మింగేస్తుంది, పోర్ట్ ఇవ్వాల్సింది ఇవ్వలేదు. గోడలకి పల్చగా అంటించుకోండి చాలు, పోర్ట్ నోటి దగ్గర ఏమీ ఉండకూడదు.
పెట్టె 70 చేసినా పైపు పెరుగుతుంది, అది మర్చిపోకండి. 70 లీటర్లలో 20 హెర్ట్జ్‌కి ఆ సన్నటి 10 సెం.మీ. పైపే 77 కావాలి. చిన్న పెట్టె, లోతు బాస్, తక్కువ వాట్లకే గట్టి సౌండు, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. హాఫ్‌మన్ సూత్రం అంటారు దీన్ని, కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో హెచ్ ఆయనే.

చెక్కపని
లోపలి కొలతల్లోంచి తీసేయాల్సినవి తీసేశాక మిగిలేదే 100. మీకు నేనైతే లోపల 42 × 50 × 60 సెం.మీ. తీసుకుంటాను, 126 లీటర్లు. పైపు దాని మందంతో సహా పదకొండున్నర తింటుంది, డ్రైవర్ వెనక భాగం 5, అడ్డపట్టీలు 9. మిగిలేది 100. చాలామంది ఇక్కడే తప్పుతారు, 100 లీటర్ల పెట్టె కట్టి లోపల 75తో తేలుతారు, ట్యూనింగ్ ఎందుకు పైకి పోయిందో అర్థం కాదు.
18 మి.మీ. ప్లైవుడ్ గానీ ఎండీఎఫ్ గానీ, ముందు పలక రెండు పొరలు. పైపు లోపలి చివర నుంచి ఎదుటి గోడకి కనీసం పైపు వ్యాసం అంత ఖాళీ వదలండి.

వైర్లమూట
మధ్యలో అడుగుతున్నాను, ఈ వీఏఎస్, క్యూటీఎస్ అంకెలు ఎవరు కనిపెట్టారు? అన్ని డ్రైవర్లకీ ఇవే ఉంటాయి.

కొలతలపిచ్చి
నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్. థీల్ 1961లో ఆస్ట్రేలియాలో ప్రచురించాడు, పదేళ్లకి ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో మళ్లీ వేశాక ప్రపంచానికి తెలిసింది. 1970లలో స్మాల్ దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లాడు. అంతకుముందు పోర్టెడ్ పెట్టె అంటే చాలావరకు కట్టి, విని, కోసి, మళ్లీ కట్టడమే.

నీలికోన్
ఆలస్యంగా వచ్చాను కానీ ఈ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. హైపాస్ ఫిల్టర్ (ఒక హద్దు కింది స్వరాల్ని ఆపేది) లేకుండా పోర్టెడ్ సబ్ ఆన్ చేయకండి. నాది 25కి ట్యూన్ చేసిన పెట్టె. ఒక రాత్రి ఒక సినిమాలో 15 హెర్ట్జ్ ప్రాంతంలో ఏదో వచ్చింది. వినపడలేదు కూడా, కానీ కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ "టక్ టక్" మంది, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) వెనక పలకకి తగిలిన చప్పుడు అది. నేను లేచి వాల్యూమ్ తగ్గించేలోపు రెండోసారి, మూడోసారి. తర్వాత కోన్‌ని వేళ్లతో మెల్లగా నొక్కితే ఇసుకలో రుద్దినట్టు గరగర. ట్యూనింగ్ కింద పోర్ట్ డ్రైవర్‌ని పట్టుకోదు, పెట్టె లేనట్టే ఉంటుంది.

గొట్టంశాస్త్రి
@నీలికోన్ చదువుతుంటేనే బాధగా ఉంది. @సినిమాగది 20 ట్యూనింగ్‌కి 17, 18 దగ్గర 24 డీబీ హైపాస్ పెట్టండి. ఈక్వలైజర్‌తో ట్యూనింగ్ కింద ఎప్పుడూ పెంచకండి, ఒక్క డీబీ కూడా.

సినిమాగది
మూడు వారాలు పట్టింది. కట్టాను!! లోపల 42 × 50 × 60, చెప్పినట్టే. హైపాస్ ముందే పెట్టాను.
ట్యూనింగ్ ఎలా చూడాలో తెలియక డస్ట్ క్యాప్ (కోన్ మధ్యలో ఉండే మూత) మీద చిన్న తెల్ల రంగు చుక్క పెట్టి, వాల్యూమ్ తక్కువలో ఉంచి టోన్ ఒక్కో హెర్ట్జ్ దించుతూ టార్చ్ వేసి పక్కనుంచి చూశాను. 30 దగ్గర చుక్క సాగి గీతలాగా కనిపించింది. 24 దగ్గర గీత పొట్టిగా అయింది. 19 దగ్గర గీత పోయి మళ్లీ చుక్క అయింది, కోన్ నిలబడిపోయింది, కానీ పోర్ట్ ముందు చెయ్యి పెడితే గాలి తన్నుతోంది. 16కి వెళ్తే మళ్లీ గీత. అంటే 19కి ట్యూన్ అయింది, 20 కాదు. టెన్షన్‌గా ఉంది, పైపు తీసి పది సెంటీమీటర్లు కోయనా?

చెక్కపని
కోయకండి. ఎల్బో దగ్గర, చివర గోడ దగ్గరగా ఉండటం వల్ల పైపు పొడవైనట్టు లెక్క. ఎప్పుడూ ఇలాగే కొంచెం కిందకే వస్తుంది.

కొలతలపిచ్చి
20కి 19కి తేడా ఏ చెవికీ తెలియదు. హైపాస్‌ని 17కి మార్చుకోండి, అంతే. మీరు చుక్కతో చేసిన పని నేను ఇంపెడెన్స్ (డ్రైవర్ కరెంటుకి ఇచ్చే అడ్డు) కొలిచి చేస్తాను, రెండు శిఖరాల మధ్య లోయ ఎక్కడుంటే అదే ట్యూనింగ్. రెండూ ఒకే మాట చెబుతాయి.

మూసినపెట్టె
బాగా కట్టారు. ఎలా ఉంది మరి? నిజం చెప్పండి.

సినిమాగది
నిన్న రాత్రి ఆ ఓడ సీనే పెట్టాను. బూం లేదు. మొదట సబ్ ఆన్‌లో లేదేమో అనుకున్నాను. తర్వాత ఓడ కదిలింది, చప్పుడు అని చెప్పలేను, సోఫా కింద నేల మెల్లగా బరువెక్కినట్టు అయింది, ఛాతీలో గాలి కదిలింది. పోర్ట్ దగ్గర చెవి పెట్టినా బుస్సు లేదు. మా అమ్మాయి పక్క గదిలోంచి వచ్చి "నాన్నా, ఏం కదులుతోంది?" అంది.
పాత 45 లీటర్ల పెట్టె ఏం చేయాలో చెప్పండి ఇప్పుడు.

మూసినపెట్టె
పోర్ట్ రంధ్రం చెక్కతో మూసేసి నాకివ్వండి :)

రాత్రిసౌండు
నవ్వుతూ అన్నా మంచి మాటే అది. అదే డ్రైవర్ ఇంకోటి తీసుకుని సీల్డ్‌గా పెట్టి రెండో సబ్ చేయొచ్చా అని అడగబోతే మాత్రం ఆగండి. పోర్టెడ్, సీల్డ్ కలిపితే ట్యూనింగ్ దగ్గర ఫేజులు (రెండు సబ్‌ల తరంగాల ఎత్తుపల్లాలు) కలవవు, ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. రెండోది కడితే ఇదే 100 లీటర్లు, ఇదే పైపు.

సినిమాగది
అదే అడగబోయాను. సరే, చెక్క ఇంకా ఒక షీటు మిగిలింది, కొలుచుకుని వస్తాను.